ఒకరి కోసం వెళ్ళి ఇద్దరిని అడిగిన మనిషి

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు చెప్పిన సంగతి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునేది కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నువ్వు టీమ్ లీడ్‌గా కూర్చుని ఇంకా ఏడాది కాలేదు. అప్పుడే నీ పైఆయన "నీ సీనియర్ అమ్మాయి ప్రమోషన్ సంగతి చూసుకో, అది వస్తుంది. ఆ కాంట్రాక్టు కుర్రాడి రెన్యువల్ జోలికి పోకు. రెండూ అడిగితే రెండూ పోతాయి" అన్నాడు. ఆ కుర్రాడు ఆఫీసు లెక్కల్లో మీ మనిషి కాడు, వెండర్ మనిషి. రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని పనిచేస్తున్నది మాత్రం మీతోనే. "ఏం చెయ్యాలి మామయ్యా" అని అడిగావు.

వీలు చేసుకుని ఈ శనివారం 'బ్రిడ్జ్ ఆఫ్ స్పైస్' చూడు. స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన సినిమా, 2015లో వచ్చింది. గూఢచారుల కథే అయినా అందులో ఛేజింగులూ ఫైటింగులూ ఉండవు. టామ్ హాంక్స్ వేసిన లాయరు ఒక్కో గదిలో ఒక్కొక్కరి ఎదురుగా కూర్చుని మాట్లాడుతూ ఉంటాడు, అంతే. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. ఆ లాయరు జేమ్స్ డోనోవన్ చరిత్రలో నిజంగా ఉన్న మనిషి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణల్లో ప్రాసిక్యూషన్ తరఫున పనిచేసి, తర్వాత ఇన్సూరెన్స్ కేసులు చూసుకునేవాడు. నా సర్వీసంతా ఇన్సూరెన్స్ క్లెయిముల మధ్యే గడిచింది కాబట్టి అతను మాట్లాడే తీరు నాకు వెంటనే పట్టుబడింది. నీ ప్రశ్నకు జవాబు ఆ సినిమాలో ఉంది.

1957లో న్యూయార్క్‌లో రుడాల్ఫ్ ఏబెల్ అనే సోవియట్ గూఢచారి దొరికాడు. అతని తరఫున వాదించే పని డోనోవన్‌కి అప్పగించారు. ఊరంతా ఏబెల్‌ని ఉరి తీయాలంటోంది. నేరం రుజువైంది, మరణశిక్ష పడేలా ఉంది. అప్పుడు డోనోవన్ జడ్జి దగ్గర ఏమన్నాడో జాగ్రత్తగా విను. పాపం ముసలివాడు, దయ చూపండి అని బతిమాలలేదు. రేపు మనవాడొకడు వాళ్ళకు చిక్కితే, విడిపించుకోవడానికి మన చేతిలో ఇతను ప్రాణాలతో ఉండాలన్నాడు. ఇన్సూరెన్స్ మనిషి మాట కదా అది! జడ్జి 30 ఏళ్ళ జైలు వేశాడు. మూడేళ్ళు తిరక్కుండానే, 1960 మే 1న, అమెరికా యూ-2 గూఢచారి విమానం సోవియట్ భూభాగం మీద కూలింది. పైలట్ ఫ్రాన్సిస్ గ్యారీ పవర్స్ ప్రాణాలతో వాళ్ళ చేతికి చిక్కాడు. డోనోవన్ చెప్పింది అచ్చంగా జరిగింది.

నువ్వు ముందు నేర్చుకోవలసింది ఇదే. నీ మనిషి కోసం పైవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు నీ మంచి మనసు వాళ్ళకి చూపించకు. అతను పోతే వాళ్ళకి కలిగే నష్టం చూపించు. అర్ధరాత్రి పేమెంట్లు ఆగిపోతే మీరు నిద్ర లేపేది ఆ కుర్రాడినే అని నువ్వే చెప్పావు. పాత సిస్టమ్ ఎక్కడ ఎలా అల్లుకుని ఉందో తెలిసినవాడు అతనొక్కడే అన్నావు. మరి ఆ మాట నీ పైఆయనకి చెప్పావా? "పాపం, బాగా పనిచేస్తాడు సార్" అన్నావంతే. ఆ "పాపం" తీసెయ్. గడచిన ఏడాదిలో అతను ఒంటిచేత్తో సరిదిద్దిన సమస్యలు తేదీలతో సహా రాయి. కొత్తవాడొచ్చి ఆ పని పట్టుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో రాయి. ఆ నెలల్లో రాత్రిపూట ఫోన్ ఎవరు ఎత్తుతారో పేరు పెట్టి అడుగు. జాలికి బడ్జెట్ ఉండదు గాని, నష్టాన్ని ఆపడానికి ఏ ఆఫీసులోనైనా ఉంటుంది.

తర్వాత బెర్లిన్ సంగతి. నీ సమస్య అచ్చంగా అక్కడే ఉంది, కాబట్టి ఆ భాగం మళ్ళీ వెనక్కి తిప్పి చూడు.

ఏబెల్‌ని ఇచ్చి పవర్స్‌ని తీసుకోవాలి, సినిమాలో డోనోవన్‌కి పైవాళ్ళు చెప్పిన పని అదొక్కటే. అయితే 1961 ఆగస్టులో, తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య గోడ లేచిన రోజుల్లోనే, ఫ్రెడెరిక్ ప్రయర్ అనే అమెరికన్ విద్యార్థిని తూర్పు జర్మనీ పట్టుకుని జైల్లో పెట్టింది. ఆర్థికశాస్త్రం చదువుకుంటున్న కుర్రాడు. సినిమాలో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ మనిషి డోనోవన్‌తో మొహం మీదే చెప్తాడు, మనకి కావలసింది పవర్స్, ఆ స్టూడెంట్‌ని మరచిపో అని. అందులో వాళ్ళ లెక్క వాళ్ళకుంది. పవర్స్ దగ్గర రహస్యాలున్నాయి, ప్రయర్ దగ్గర ఏమీ లేవు. ఎవరి లెక్కలోనూ విలువ లేని మనిషి కాబట్టే అతని పేరు లిస్టులో చేరలేదు. నీ కాంట్రాక్టు కుర్రాడు గుర్తొస్తున్నాడా?

డోనోవన్ ఏం చేశాడంటే, రెండు బేరాలను ఒకటి చేశాడు. సోవియట్‌లు పవర్స్ గురించి విడిగా మాట్లాడదామంటారు. తూర్పు జర్మనీ వాళ్ళు ప్రయర్ గురించి విడిగా మాట్లాడదామంటారు. అమెరికా తమను ఒక దేశంగా గుర్తించడం లేదు కాబట్టి, ఎలాగైనా తమతో నేరుగా బేరమాడిస్తే చాలని వీళ్ళ ఆశ. ఇతను మాత్రం ఇద్దరికీ ఒకటే మాట చెప్పాడు. ఇక్కడున్నది ఒకే ఒప్పందం, ఇద్దరూ వస్తేనే ఏబెల్ వస్తాడు, లేదంటే ఎవరూ రారు.

ఈ వాదన బీజం సినిమా మొదట్లోనే ఉంది, చాలామంది గమనించరు. డోనోవన్ క్లయింటు ఒక బీమా కంపెనీ. వాళ్ళ పాలసీదారు కారు ఐదుగురు మోటార్ సైకిళ్ళవాళ్ళని గుద్దింది. అవతలి లాయరు ఐదు ప్రమాదాలంటాడు. డోనోవన్ కాదు, ఒకటే ప్రమాదం అని గట్టిగా నిలబడతాడు. ఇన్సూరెన్స్‌లో పనిచేసినవాళ్ళకి ఇది బాగా తెలిసిన గొడవ. ఎన్ని సంఘటనలుగా లెక్కపెడతామన్న దాన్ని బట్టి కట్టాల్సిన డబ్బు మారిపోతుంది. అక్కడ ఆ లెక్క కంపెనీ డబ్బు మిగల్చడానికి పనికొచ్చింది. బెర్లిన్‌లో అదే లెక్క ఒక కుర్రాడిని కాపాడింది. పనిలో మనకి అబ్బిన నేర్పు ఎవరి కోసం వాడుతున్నామన్నదే అసలు సంగతని నాకు గట్టిగా అనిపించింది ఆ సినిమా చూసినప్పుడే.

కాబట్టి నువ్వు మంగళవారం మీటింగ్‌లో "సార్, ప్రమోషన్ ఒకటి, ఇంకా ఇంకొక విషయం ఉంది" అనొద్దు. రెండో విషయం అన్నావంటే అది అక్కడే రాలిపోతుంది. వచ్చే ఏడాది నీ టీమ్ ఏం చేసిపెట్టగలదో ఒక ప్లాన్‌గా పెట్టు. ఆ ప్లాన్‌లో సీనియర్ అమ్మాయి పైమెట్టు ఎక్కి కొత్త పని తీసుకుంటుంది. ఆమె వదిలే పాత పని ఈ కుర్రాడు చూసుకుంటాడు. అతను లేకపోతే ఆమె పాత పనిలోంచి బయటికి రాలేదు. ఇది కల్పించి చెప్పేది కాదు కదా, ఉన్నమాటే. ఉన్నమాట కాకపోతే నేనూ చెప్పను.

ఇక్కడొక హెచ్చరిక. "ఇద్దరూ లేదా ఎవరూ వద్దు" అనే మాట వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ అది తప్పితే మొదటి మనిషి కూడా నష్టపోతాడు. సీఐఏ వాడు డోనోవన్ మీద మండిపడింది అందుకే, వాడి కోపంలో న్యాయం లేకపోలేదు. డోనోవన్ గుడ్డిగా పందెం కాయలేదు. సోవియట్‌లకి ఏబెల్ ఎంత అవసరమో ముందే అంచనా కట్టుకున్నాడు. అతను అమెరికన్లకి నోరు విప్పేలోగా ఇంటికి రావాలి వాళ్ళకి. ఆ అవసరం తెలిశాకే గట్టిగా నిలబడ్డాడు. నీ సీనియర్ అమ్మాయి ప్రమోషన్‌ని ఆమెకి తెలియకుండా పణంగా పెట్టే హక్కు నీకు లేదు. ముందు ఆమెతో మాట్లాడు. నువ్వు ఏం అడగబోతున్నావో, ఎంత దూరం వెళ్ళబోతున్నావో చెప్పు. ఆమె వద్దంటే దారి మార్చు, ఆ కుర్రాడి రెన్యువల్ వేరే వైపు నుంచి, వెండర్ ద్వారా, ప్రయత్నించు.

ఇంకో దృశ్యం నాకు చాలా ఇష్టం. తూర్పు జర్మనీ పెద్ద అధికారి కలవడం లేదు. బయట ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు కూర్చుని ఉంటాడు. డోనోవన్ విసుక్కోకుండా, వాడిని చిన్నచూపు చూడకుండా, తన షరతు పూర్తిగా, మర్యాదగా వాడికే వివరిస్తాడు. మీ బాస్‌కి ఈ మాట ఇలాగే చేర్చు, బేరం చెడితే సోవియట్‌ల ముందు జవాబు చెప్పుకోవలసింది మీరే అని చెప్తాడు. మాట చేరుతుంది, పని అవుతుంది. ఆఫీసుల్లో నిర్ణయాలు చాలావరకు ఇలాగే కదులుతాయి. మీ హెచ్‌ఆర్‌లో రెన్యువల్ కాగితాలు చూసే అమ్మాయి ఎవరో నీకు తెలుసా? వెండర్ కంపెనీలో ఫైలు నడిపేది ఎవరు? వాళ్ళని మీటింగ్‌కి ముందే కలువు. గడువు ఏ రోజుకి ముగుస్తుందో, ఎవరి సంతకం కావాలో వాళ్ళకే సరిగ్గా తెలుస్తుంది.

కేసు మొదట్లో సీఐఏ వాడు డోనోవన్ దగ్గరికొచ్చి ఏబెల్ ఏం చెబుతున్నాడో మాకు చెప్పమంటాడు. రూల్స్ పక్కన పెట్టమంటాడు. ఇతను ఒప్పుకోడు. మనల్నందరినీ ఒక దేశంగా కలిపి ఉంచుతున్నది ఆ రూల్సేనంటాడు. నీ టీమ్‌లో ఎవరైనా తలుపు మూసి తన ఇంటి కష్టం చెప్పుకుంటే, అది రేటింగుల మీటింగ్‌లో నీ నోట రాకూడదు. ఒక్కసారి వచ్చిందంటే ఇక ఎవరూ నీకు నిజం చెప్పరు.

నీ టెన్షన్ గురించి కూడా అడిగావు. ఏబెల్ పాత్ర వేసిన మార్క్ రైలాన్స్‌కి ఆస్కార్ వచ్చింది, చూస్తే ఎందుకో తెలుస్తుంది. కంగారుగా లేదా అని అడిగినప్పుడల్లా, కంగారు పడితే ఏమైనా పని అవుతుందా అని తిరిగి అడుగుతాడు. బాగుంది గాని, నువ్వు అచ్చం అలా ఉండాలని నేను చెప్పను. గూఢచారికి చలించని మొహం కావాలి. లీడర్ మొహంలో తన మనుషుల గురించిన పట్టింపు కనిపించాలి. అది కనిపించకపోతే వాళ్ళు నువ్వు వదిలేశావనుకుంటారు.

డోనోవన్ బెర్లిన్‌కి వెళ్తూ భార్యకి స్కాట్లాండ్‌లో చేపలు పట్టడానికి వెళ్తున్నానని చెప్తాడు సినిమాలో. అతని పని రహస్యం, నీది కాదు. ఇంట్లో చెప్పుకో. అతని ఇంటి మీద కాల్పులు జరిపిన దృశ్యం మాత్రం సినిమా కోసం కల్పించింది. నిజంగా వచ్చినవి తిట్ల ఉత్తరాలు, ఫోన్లు. నీకూ వచ్చేవి చిన్నవే. లంచ్ బల్ల దగ్గర నువ్వు వెళ్ళగానే మాటలు ఆగిపోవడం లాంటివి. కొన్నాళ్ళు ఓర్చుకో.

ఇంకొకటి, సినిమాలో పెద్దగా లేదు గాని చరిత్రలో ఉంది. యూ-2 కూలగానే అమెరికా ప్రభుత్వం అది వాతావరణ పరిశోధన విమానమని, దారి తప్పిందని ప్రకటించింది. పైలట్ చనిపోయి ఉంటాడనుకున్నారు. సోవియట్ నేత క్రుశ్చేవ్ పైలట్ బతికే ఉన్నాడని బయటపెట్టేసరికి ప్రపంచం ముందు తలవంపులయ్యాయి. ఆ నెలలోనే పారిస్‌లో జరగవలసిన శిఖరాగ్ర సమావేశం కూడా చెడిపోయింది. మీ రిలీజ్ ఎప్పుడైనా దెబ్బతింటే, క్లయింటుకి మొదటి గంటలో తెలిసినంతవరకే చెప్పు, కానీ నిజం చెప్పు.

1962 ఫిబ్రవరి 10 ఉదయం. పశ్చిమ బెర్లిన్‌కీ పోట్స్‌డామ్‌కీ మధ్య ఉన్న గ్లీనికే వంతెన. ఒక కొసన ఏబెల్, ఇంకో కొసన పవర్స్. ప్రయర్‌ని వదలాల్సింది దూరంగా, తూర్పు పశ్చిమ బెర్లిన్‌ల మధ్య దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీ దగ్గర. అతను వచ్చాడన్న కబురు ఇంకా రాలేదు. సినిమాలో సీఐఏ వాడు ఏబెల్‌తో నువ్వు వెళ్ళొచ్చు అంటాడు. ఏబెల్ డోనోవన్ వైపు చూసి, ఆ ఇంకో కుర్రాడు కూడా నీకు కావాలా అని అడుగుతాడు. అవునంటే, అయితే ఆగుతానని అక్కడే నిలబడతాడు. తన స్వేచ్ఛ నాలుగడుగుల దూరంలో ఉన్నా సరే. ఐదేళ్ళ క్రితం అందరూ ఉరి తీయమన్నప్పుడు తన పక్కన నిలబడ్డ మనిషి కోసం ఆగాడు. నీ మనుషులు కూడా నీ కోసం ఇలా ఆగుతారని లెక్కవేసుకుని ఏ పనీ చెయ్యకు. కానీ వాళ్ళ కోసం ఎవరు నిలబడ్డారో మాత్రం మనుషులు మర్చిపోరు. నా సర్వీసులో అది మళ్ళీ మళ్ళీ చూశాను.

ప్రయర్ ఇంటికెళ్ళి తర్వాత ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ అయ్యాడు. డోనోవన్‌ని అదే ఏడాది క్యూబాకి పంపారు, కాస్ట్రో చెరలో ఉన్న 1,113 మందిని విడిపించమని. సినిమా చివర్లో వేసిన అక్షరాల ప్రకారం ఆ చర్చలన్నీ ముగిసేసరికి బయటికొచ్చినవాళ్ళు 9,700 పైచిలుకు. ఆ మనిషికి అది అలవాటు, లిస్టుతో ఆగడు.

ఇప్పుడు పని సంగతి. ఆదివారం రాత్రికల్లా ఒక పేజీ రాసి నాకు వాట్సాప్‌లో పంపు. అందులో ప్లాన్, కుర్రాడి పనుల తేదీలు, గడువు ముగిసే రోజు ఉండాలి. "దయచేసి" అనే మాట ఒక్కటే ఉండాలి, చివర్లో. పంపే ముందే సీనియర్ అమ్మాయితో మాట్లాడు. ఆ కుర్రాడికి మాత్రం అయిపోతుందని మాట ఇవ్వకు, అడుగుతున్నానని చెప్పు చాలు. సోమవారం పొద్దున్న ఆఫీసుకి బయల్దేరేలోగా నేను ఫోన్ చేస్తాను, ఒకసారి నువ్వు పైఆయనలా, నేను నీలా మాట్లాడి చూద్దాం.

అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

నీ మామయ్య