వెయ్యి పౌండ్లు పోయిన కథ, డ్యాన్స్ లయలో

ప్రశ్న: ర్యాప్‌లో మాటే ప్రధానం. క్లబ్బుల్లో వినిపించే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలో మాటకు పెద్దగా పని ఉండదు. ఈ రెండింటినీ కలిపి ఆల్బమ్ మొత్తం ఒకే కథగా నడిపినవి ఉన్నాయా? ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన నాలాంటి వాళ్లు విని అర్థం చేసుకోగలరా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉన్నాయి. వాటిలో మీరు మొదట వినవలసింది ‘ద స్ట్రీట్స్’ పేరుతో మైక్ స్కిన్నర్ 2004లో బ్రిటన్‌లో విడుదల చేసిన ‘ఎ గ్రాండ్ డోంట్ కమ్ ఫర్ ఫ్రీ’ అని నా అభిప్రాయం. అక్కడి వాడుకలో గ్రాండ్ అంటే వెయ్యి. కథానాయకుడు ఇంట్లో దాచుకున్న వెయ్యి పౌండ్లు మొదటి పాటలోనే కనబడకుండా పోతాయి. అద్దె డీవీడీ తిరిగి ఇద్దామని వెళితే పెట్టెలో డిస్క్ ఉండదు, అమ్మకు ఫోన్ చేయబోతే బ్యాటరీ అయిపోతుంది. 11 పాటల్లో అతని ప్రేమ, జూదం, అనుమానం, ఎడబాటు వరుసగా సాగుతాయి.

ర్యాప్, ఎలక్ట్రానిక్ సంగీతం మీరనుకున్నంత దూరపు చుట్టాలు కావు. 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా బృందం చేసిన ‘ప్లానెట్ రాక్’, జర్మనీకి చెందిన ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్ బాణీని తీసుకుని 808 అనే డ్రమ్ యంత్రం మీద కట్టిన ర్యాప్ పాటే. స్కిన్నర్ మీద ప్రభావం చూపిన సంగీతం మాత్రం లండన్ అనధికార రేడియోల ద్వారా వ్యాపించిన గ్యారేజ్ అనే డ్యాన్స్ సంగీతం. హౌస్ అనే మరో రకం క్లబ్బు సంగీతంలో నాలుగు మాత్రలకూ నాలుగు పెద్ద డ్రమ్ము దెబ్బలు పడితే, గ్యారేజ్‌లోని టూ-స్టెప్ పద్ధతిలో వాటిలో కొన్నింటిని కావాలనే వదిలేస్తారు. నిమిషానికి సుమారు 130 దెబ్బల వేగంలో కూడా మాట నిలదొక్కుకోవడానికి చోటు దొరికేది ఆ ఖాళీల్లోనే. 2002లో వచ్చిన తన మొదటి ఆల్బమ్ కోసం అతను లండన్‌లోని బ్రిక్స్‌టన్ ప్రాంతపు ఇంట్లో, ఖాళీ చేసిన బట్టల బీరువాను రికార్డింగ్ గదిగా మార్చుకుని పాడాడు. పక్కన కూర్చుని చెబుతున్నట్టుండే ఆ గొంతు ఈ రెండో ఆల్బమ్‌లోనూ అలాగే ఉంది.

ఈ ఆల్బమ్‌ను నేను ఇంతగా ఇష్టపడటానికి కారణం, ఇందులో డ్యాన్స్ సంగీతం కథకు పైపూత కాకపోవడం. ‘బ్లైండెడ్ బై ద లైట్స్’ అనే పాటనే తీసుకోండి. నాయకుడు క్లబ్బులో ఒంటరిగా ప్రియురాలి కోసం, స్నేహితుడి కోసం ఎదురుచూస్తుంటాడు. ఫోన్‌లో మెనూ తెరవడం, సందేశం రాయడం, పంపడం – నొక్కిన ప్రతి మీటనూ పైకి చెబుతాడు. మత్తు మాత్ర వేసుకుంటాడు, అది పనిచేయలేదనుకుని ఇంకొకటి వేసుకుంటాడు. ఈలోగా వెనక సింథసైజర్ అలలు అలలుగా లేస్తుంటే, గొంతు మాత్రం విసుగుతో, దిగులుతో నేలమీదే నడుస్తుంది. హాలంతా ఊగిపోతున్నా ఒక్క మనిషి ఆ ఊపులోకి వెళ్లలేకపోవడం మనకు తెలిసేది ఈ తేడా వల్లనే. అదే మాటలను గిటారు మీద చెప్పి ఉంటే ఆ ఒంటరితనం ఇంతగా తగిలేది కాదు. ఎడబాటు చెప్పే ‘డ్రై యువర్ ఐస్’ దగ్గరికి వచ్చేసరికి క్లబ్బు సంగీతం తప్పుకుంటుంది, గిటారూ తీగ వాద్యాలూ మిగులుతాయి. 2004 జులైలో బ్రిటన్‌లో ఆ పాట మొదటి స్థానానికి చేరింది.

ఇక భాష సంగతి. వాడిన మాటలు రోజువారీవే కానీ యాస గట్టిది, బూతులూ ఉన్నాయి. అందువల్ల మొదటిసారి సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకుని వినండి. షఫుల్ తప్పకుండా ఆపేయండి, లేకపోతే కథ చెదిరిపోతుంది. ఎనిమిది నిమిషాలకు పైగా సాగే చివరి పాట మధ్యలో టేపు వెనక్కి తిరిగిన చప్పుడు వస్తుంది. అక్కడి నుంచి అదే రోజు మళ్లీ మొదలై, ఇంకో ముగింపు వైపు నడుస్తుంది. ఆ వెయ్యి పౌండ్ల సంగతి ఆ రెండో దారిలోనే తేలుతుంది కాబట్టి దాన్ని ఇక్కడ చెప్పడం లేదు.