పర్షియన్ వారసత్వాన్ని మిశ్రమ మాధ్యమంలోకి ఎలా తీసుకురావాలి?

పర్షియన్ సూక్ష్మచిత్రాల ప్రతులనూ నస్తాలిక్ అనే వంపుల లిపిలో రాసిన ఫారసీ అక్షరాలనూ కాన్వాస్ మీద అతికించి, పలు పదార్థాలను కలిపే మిశ్రమ మాధ్యమంలో పని చేస్తున్నాననీ, ఎంత చేసినా అది అలంకారంగానే మిగిలిపోతోందనీ హైదరాబాద్ నుంచి మీరు రాశారు. నేనూ కొన్నేళ్లు అదే దారిలో నడిచాను. ఆ సంప్రదాయంలోని బొమ్మను పక్కన పెట్టి, దాని వెనుక ఉన్న పనితనాన్ని పట్టుకోమని నా సలహా.

2015లో న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఇరాన్ కళాకారిణి మోనిర్ షారూదీ ఫర్మాన్‌ఫర్మాయన్ అద్దాల పనులు చూసినప్పుడు నాకీ సంగతి అర్థమైంది. దూరం నుంచి నక్షత్రాలుగా, షట్కోణాలుగా కనిపించినవాటి దగ్గరకు వెళ్లి నా ముఖం కోసం వెతికితే, ఒక ముక్కలో నా కనుబొమ్మ, పక్క ముక్కలో వెనుక నిలబడినవారి ఎర్ర స్వెటర్, మరో దానిలో పైకప్పు దీపం కనిపించాయి కానీ, ముఖం ఎక్కడా నిండుగా దొరకలేదు. ఇరాన్‌లో ఆయినెకారీ అనే ఈ పనితో షిరాజ్‌లోని షా చెరాగ్ సమాధి మందిరం లోపలంతా నిండి ఉంటుంది. ఖజ్వీన్‌లో పుట్టి, న్యూయార్క్‌లో చదువుకున్న మోనిర్ ఆ మందిరం చూసి చలించిపోయి, హాజీ ఉస్తాద్ మహమ్మద్ నవీద్ అనే నిపుణుడితో కలిసి అద్దాన్ని ఆధునిక కళలోకి తెచ్చారు.

ఇంటికి వచ్చి నేనూ ప్రయత్నించాను. ప్లైవుడ్ మీద వృత్తం గీసి, అదే వ్యాసార్ధంతో చుట్టుకొలతను ఆరు భాగాలు చేసి, అద్దం ముక్కలను సమంగా అతికిస్తే అది గోడ అద్దం లాగానే ఉంది. పైగా వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడినందువల్ల కొన్ని నెలలకే అది అద్దం వెనుక పూతను తినేసి, నల్లమచ్చలు పడ్డాయి. మీరు మాత్రం అద్దాలకు పనికివచ్చే న్యూట్రల్ సిలికాన్‌నే అడిగి కొనండి. రెండోసారి తడి ప్లాస్టర్‌లో ఒక్కో ముక్కను వేలితో కొంచెం ఒరిగించి నొక్కాను. అప్పుడు గదిలో ఎవరు కదిలినా ఆ పలక కూడా కదిలినట్టు అనిపించింది, ఆ సాయంత్రం దాని ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

ఇరాన్‌లో 1979 విప్లవం తరువాత న్యూయార్క్‌లో ఉండిపోయిన మోనిర్‌కు అలాంటి అద్దమూ, అలాంటి పనివారూ అందుబాటులో లేకుండా పోయారు. 1991లో భర్త మరణించాక ఆమె పాత ఫోటోలనూ చిన్న చిన్న వస్తువులనూ పెట్టెల్లో అమర్చారు. మిశ్రమ మాధ్యమం అంటే నాకు ముందుగా గుర్తొచ్చేవి ఆ పెట్టెలే, ఎందుకంటే వాటిలో ఏ వస్తువూ అందం కోసం తెచ్చిపెట్టినట్టు ఉండదు. 2004లో ఆమె టెహ్రాన్‌కు తిరిగి వెళ్లి మళ్లీ అద్దాల పని మొదలుపెట్టారు.

ఇక అక్షరాల సంగతి. ఖజ్వీన్‌లోనే పుట్టిన కళాకారిణి షిరీన్ నెషాత్ 1993–97 మధ్య చేసిన చిత్రాల్లో స్త్రీల ఫోటోల మీద ఫారసీ కవితలను సిరాతో రాశారు. అక్కడ కవిత ఆ స్త్రీల మాటగానే వినిపిస్తుంది. కనుక అర్థం తెలియని పంక్తిని దయచేసి అతికించకండి, ఫారసీ చదవగలిగినవారితో ముందు చెప్పించుకోండి.

మీ ఊళ్లోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా అనే మొహర్రం సంతాప మందిరం ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో ఇరాన్ పద్ధతిలో చేసిన రంగు పలకల (టైల్స్) పని అక్కడి గోడల మీద ఇంకా నిలిచి ఉంది. ఒక కాగితం, పెన్సిల్ తీసుకెళ్లి ఒకే ఒక్క ఆకారాన్ని ఎంచుకుని, పసుపు ముక్క అంచు నీలం ముక్క అంచును ఎక్కడ కలుస్తుందో గీసుకుని రండి. తరువాతి పనికి ఆ గీతతోనే మొదలుపెట్టండి.