అల్లుడి కాలి గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కేసు షీటు, కాలి ఫొటోలు తీరిగ్గా చూశాను. అల్లుడి గుండె మళ్లీ తన పని తాను చేసుకుంటోంది. పెద్ద గండం గడిచింది. ఇక మిగిలింది, గుండె ఆడనప్పుడు పెట్టిన మిషన్ వల్ల రక్తం అందక దెబ్బతిన్న కాలు. "ఒకేసారి పెద్ద ఆపరేషన్ చేసి కాలు బాగుచేసెయ్యరా?" అని అడిగావు. చెయ్యరమ్మా, చెయ్యకూడదు కూడా. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఇలాంటి కాలికి వరుస ముఖ్యం. ముందు చచ్చిన కండ పోవాలి. తర్వాత పుండు మూతపడాలి. స్నాయువుల, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్ల, పని అన్నిటికన్నా చివర. ఈ మధ్యలో చీలమండ బిగుసుకుపోకుండా చూడటం మాత్రం డాక్టర్ల చేతుల్లో కన్నా నీ చేతుల్లోనే ఎక్కువ ఉంది.

ప్రాణం నిలిపిన మిషనే కాలు తినేసిందా అని మీ అత్తగారు అంటున్నారట. ఆవిడకి ఇలా చెప్పు. 2020లో బాలుగారి ఆరోగ్య బులెటిన్లతో ఎక్మో అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది కదా, అల్లుడికి పెట్టిన మిషన్ అదే. గుండె ఆడనప్పుడు గజ్జల్లోని సిరలోంచి రక్తం బయటికి లాగి, ఆక్సిజన్ ఎక్కించి, గజ్జల్లోనే ఉన్న ధమనిలోకి తిరిగి తోస్తారు. ఆ ధమనిలో పెట్టే గొట్టం 5, 6 మిల్లీమీటర్ల లావుంటుంది. రక్తం పైకి పోతుంది గానీ, గొట్టమే దారి ఆక్రమించేసరికి కిందికి, కాలికి దిగేది తగ్గిపోతుంది. అందుకని కాలివైపు ఇంకో సన్న గొట్టం వేస్తారు. వేసినా కొందరికి చాలదు. బీపీ నిలబెట్టే మందులు వేళ్ల చివరి నాళాలను ఇంకా బిగిస్తాయి. మత్తులో ఉన్న మనిషి నొప్పి అని చెప్పలేడు. రక్తం అందక 6 గంటలు దాటితే కండరం కోలుకోవడం కష్టం, నరం అంతకంటే ముందే దెబ్బతింటుంది.

మళ్లీ రక్తం చేరాక కండ ఉబ్బుతుంది. మోకాలి కింద కండరాలు సాగని పొరల మధ్య 4 అరల్లో ఉంటాయి. నానేసిన శనగలు బిగించి కట్టిన మూటలో ఉబ్బినట్టే. మూట విప్పకపోతే లోపలున్నది నలిగి చస్తుంది. నిన్ను భయపెట్టిన ఆ రెండు పొడుగాటి కోతలు అందుకే. అవి వేళకు పడకపోతే ఇవాళ నేను కృత్రిమ కాలు గురించి రాస్తూ ఉండేవాణ్ణి.

మాటిమాటికీ థియేటర్‌కి తీసుకెళ్తున్నారని విసుక్కోకు. ఏ కండ బతికిందో మొదటి రోజే తేలదు. కోస్తే నెత్తురు రావాలి, గిల్లితే ముడుచుకోవాలి. అలా లేనిదాన్నే విడతలవారీగా తీస్తారు. నల్లబడిన రెండు వేళ్ల సంగతి వేరు. అవి పొడిగా, వాసన లేకుండా ఉన్నంతకాలం సర్జన్ ఆగుతానంటే ఆగనివ్వు, ఎక్కడిదాకా పోతుందో హద్దు అదే తేలుతుంది. తడి తేలినా, వాసన కొట్టినా, జ్వరం వచ్చినా అదే పూట చెప్పాలి.

కాలికి తగిలించిన స్పాంజి మిషన్, అదే వ్యాక్, పుండులోని నీరు లాగేసి కొత్త కండ పుట్టడానికి సాయం చేస్తుంది. అల్లుడు రక్తం పలచబడే మందు మీదున్నాడు కాబట్టి ఒక్కటి గుర్తుంచుకో. డబ్బాలోకి ఎర్రటి రక్తం గబగబా వస్తే వెంటనే మిషన్ ఆపించి, సిస్టర్ని కేకెయ్యి.

పుండు అడుగు ఎర్రగా, గింజ గింజగా తయారయ్యాక తొడ నుంచి పలుచటి చర్మం తీసి వేస్తారు. 5 రోజులు దాన్ని ఎత్తి చూడరు, నువ్వూ తొందరపెట్టకు. అతికించిన చోటికన్నా తీసిన చోటే ఎక్కువ మంట పెడుతుంది. అల్లుడికి ముందే చెప్పు, లేకపోతే ఏదో తేడా జరిగిందనుకుంటాడు. ఎముకో స్నాయువో బయటపడి ఉన్నచోట మాత్రం ఉత్త చర్మం అంటదు, ఫ్లాప్ కావాలి, అంటే రక్తనాళాలతో సహా తెచ్చి కప్పే కండ. మామూలు ప్రమాదాల్లో అయితే పిక్క కండనే తిప్పి కప్పుతారు. మనవాడి పిక్కే ఆకలికి మాడింది కదా! అందుకని తొడ నుంచో వీపు నుంచో కండ తెచ్చి, రక్తనాళాలు సూక్ష్మదర్శిని కింద కుట్టాల్సి రావచ్చు. దానికి ముందు గజ్జ నుంచి పాదం దాకా నాళాలు ఎలా ఉన్నాయో సీటీ యాంజియో తీశారా, గజ్జల్లో గొట్టం తీసినచోట ధమని సన్నబడలేదు కదా అని తప్పకుండా అడుగు. ఫ్లాప్ పాలిపోయి చల్లబడినా, నీలంగా ఉబ్బినా నిమిషాల మీద పిలవాలి. సిగరెట్ మాట ఎత్తనివ్వకు. చూడ్డానికి వచ్చే స్నేహితులకూ అదే చెప్పు.

ఇక తిండి. పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో మాన్పించేస్తారు. ఈ ఒక్క మూఢనమ్మకం అతికించిన చర్మాల్ని, అదే గ్రాఫ్టుల్ని, ఎన్నిటిని చెడగొట్టిందో! కండ కట్టాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు అన్నీ పెట్టు. కిడ్నీలు దెబ్బతిన్నాయని రాసి ఉంటే మాత్రం ఎంత పెట్టాలో డాక్టర్నే అడుగు.

నా పనికి వస్తాను. కాలి ముందుభాగపు కండలూ నరమూ దెబ్బతింటే పాదం వాలిపోతుంది. వాలిన పాదాన్ని అలాగే వదిలేస్తే మడమ వెనక నరమనుకునే ఆ లావుపాటి స్నాయువు పొట్టిదైపోయి, మనిషి మునివేళ్ల మీదే నిలబడతాడు. కాబట్టి సర్జన్ సరేనన్న రోజు నుంచే పాదం కాలికి లంబంగా, 90 డిగ్రీల్లో ఉండేట్టు స్ప్లింట్, అంటే పాదాన్ని కదలకుండా పట్టి ఉంచే చట్రం, వేసి ఉంచండి. జాలిపడి మోకాలి కింద దిండు పెట్టకు, మోకాలు వంగి బిగుసుకుంటుంది. మడమ పరుపుకి ఆనకూడదు. స్పర్శ లేని కాలు గనక స్ప్లింట్ విప్పిన ప్రతిసారీ చర్మం ఎక్కడైనా కందిందేమో చూడు. వేన్నీళ్ల కాపడం, నూనె మాలిష్ పెడతామని ఎవరొచ్చినా వద్దను. కాలినా అతనికి తెలియదు.

నరం తిరిగి పెరిగితే రోజుకు ఓ మిల్లీమీటరు. అందుకే నెలల తరబడి ఆగమంటారు. పాదం ఎత్తే శక్తి రాకపోతే, కాలి వెనకవైపు స్నాయువు ఒకదాన్ని ముందుకు తెచ్చి కడతారు. వేలూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివర్లో కుష్ఠు రోగుల చేతులకు మొదలుపెట్టిన విద్యే, తర్వాత ఇలాంటి పాదాలకూ వాడారు. కానీ ఆ వెనక కండ బతికి ఉండాలి. అల్లుణ్ణి పాదం లోపలివైపుకి తిప్పమను. తిప్పగలిగితే ఆశ ఉంది. పైగా బిగుసుకున్న కీలుకి ఎంత మంచి స్నాయువు కట్టినా దండగే. ముందు మడమ స్నాయువు పొడిగించడమో, కాలి చుట్టూ బిగించే ఇలిజరోవ్ రింగులతో పాదాన్ని మెల్లగా పైకి తేవడమో చెయ్యాలి. స్నాయువు మార్చాక 6 వారాలు కట్టులో ఉంచుతారు. ఆ తర్వాత ఇంకో పనికి అలవాటుపడ్డ కండకి కొత్త పని నేర్పాలి. అక్కడ ఓపిక పట్టనివాళ్లని చాలామందిని చూశాను.

ఇంకో మాట, కటువుగా ఉన్నా అడగాల్సిందే. అరికాల్లో స్పర్శ వస్తుందా, నడిచే కాలవుతుందా, ఎన్ని ఆపరేషన్లు, ఎన్నేళ్లు? జవాబులు బాగా లేకపోతే మోకాలి కింద తీసేసి కృత్రిమ కాలు పెట్టుకునే దారి గురించి కూడా సర్జన్‌తో మాట్లాడండి. మోకాలు నిలిచినవాళ్లు చక్కగా నడుస్తారు, జైపూర్ కాలుతో పొలం పని చేసినవాళ్లున్నారు. ఆ నిర్ణయం అల్లుడిదే. మీ అత్తగారిదీ కాదు, నాదీ కాదు.

వైకల్యం 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే ప్రభుత్వ సాయాలకు పనికొచ్చే వైకల్య సర్టిఫికెట్ వస్తుంది, కానీ ఆపరేషన్లన్నీ తేలాకే వెళ్లండి.

ఈసారి రౌండ్స్‌లో ఫ్లాప్ అంటే ఏ కండ తీస్తారో అడిగి నాకు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం కునుకు తీస్తాను, 4 దాటాక చెయ్యి.

మీ పెదనాన్న