ముందు సీటులోంచి చేతికి అందేలా

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈ చలికాలమంతా మైనస్ 30 డిగ్రీలకు పడిపోయే దారుల్లో నువ్వు ఒక్కదానివే కారు నడుపుకుంటూ ఉద్యోగానికి తిరగబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. గర్వపడలేదంటే అబద్ధమవుతుంది; రివర్సు గేరు వేయవలసి వస్తే చాలు, కళ్లనీళ్లు పెట్టుకుని కారు దిగిపోయిన పిల్లవి నువ్వు. అయితే ఆ చలి ఎలాంటిదో ఎరిగినదాన్ని కనుక, గర్వపడిన మరుక్షణమే గుండెలో రాయి పడింది. "కారులో ఎమర్జెన్సీ కిట్ ఒకటి పెట్టుకుంటానందిలే అక్కా" అని మీ అమ్మ తేలిగ్గా అనేసింది. ఆ కిట్ ఎలా సర్దుకోవాలో, మరీ ముఖ్యంగా ఎక్కడ పెట్టుకోవాలో నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

ముందు బండి సంగతి. చలి మొదలవకముందే బ్యాటరీని పరీక్ష చేయించు. మైనస్ 18 డిగ్రీల దగ్గర మంచి బ్యాటరీ కూడా ఇంజిన్‌ను తిప్పే శక్తిలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఆయిల్ చిక్కబడి, ఇంజిన్‌ను తిప్పడానికి ఎక్కువ శక్తి కావలసి వస్తుంది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంటు సగం, నీళ్లు సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అద్దం కడిగే ట్యాంకులో ఉత్త నీళ్లు పోయకు. శీతాకాలపు టైర్లు వేయించు, వాటిలో గాలి తరచుగా చూసుకో. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైర్లలో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (గాలి కొట్టేచోట వాడే కొలత) తగ్గుతుంది. పెట్రోలును సగం ట్యాంకు కంటే కిందికి దిగనివ్వకు. ఇది ముసలివాళ్ల చాదస్తమని నవ్వుతావేమో. 2022 జనవరిలో అమెరికాలోని వర్జీనియాలో ఐ-95 రహదారి మీద వందలాది వాహనాలు మంచులో చిక్కుకుపోయాయి. సెనేటర్ టిమ్ కెయిన్ కూడా వాటి మధ్య ఇరుక్కున్నారు. మామూలుగా రెండు గంటలు పట్టే దారికి ఆయనకు 27 గంటలు పట్టింది. రెండు గంటల దారికి సరిపడా మాత్రమే పెట్రోలు ఉన్నవాళ్ల గతి ఏమిటో నువ్వే ఊహించుకో.

కిట్‌లో ఉండవలసినవి నీకూ చాలావరకు తెలిసినవే కనుక గబగబా చెప్పేస్తాను: రెండు ఉన్ని కంబళ్లు, మందమైన చేతి తొడుగులు, ఉన్ని మేజోళ్లు, చెవులు కప్పే టోపీ, ఎత్తైన బూట్లు, టార్చిలైటు, ఈల, పొట్టి పార, అద్దం మీది మంచును గీకే బద్ద, చక్రాల కింద చల్లడానికి పొడి ఇసుక, లాగుడు తాడు, జంపర్ కేబుళ్లు (బ్యాటరీ చచ్చిపోతే వేరే కారు బ్యాటరీతో కలిపి బండి స్టార్టు చేసే తీగలు), ప్రథమ చికిత్స పెట్టె, ఎర్ర గుడ్డ, రోడ్డు మీద నిలబెట్టే మెరుపు త్రికోణం, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, ఒక ఖాళీ రేకు డబ్బా.

కొన్నింటి దగ్గర మాత్రం ఆగాలి. నూలు దుప్పట్లు వద్దు. నూలు తడిస్తే ఒంట్లోని వేడిని లాగేస్తుంది, ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. టార్చిలో లిథియం సెల్సు వేసుకో, మామూలు ఆల్కలైన్ సెల్సు గడ్డకట్టే చలిలో నీరసించిపోతాయి. తాళంలో మంచు కరిగించే మందు డబ్బీని కారులో పెట్టుకుని మురిసిపోకు. తాళం బిగుసుకుపోయి తలుపే రాకపోతే లోపలున్న మందు ఎవరికి ఉపయోగం? అది నీ కోటు జేబులో ఉండాలి. జంపర్ కేబుళ్లు తగిలించేటప్పుడు ఆఖరి నల్ల క్లిప్పును చచ్చిన బ్యాటరీకి కాక, దానికి కాస్త దూరంగా ఇంజిన్ లోహానికి పెట్టు. బ్యాటరీ గడ్డకట్టి ఉబ్బినట్టు కనిపిస్తే అసలు దాని జోలికి పోకు, అది పేలిపోయే ప్రమాదముంది.

ఇక మీ పెదనాన్న కథ చెప్పాలి. ఆయన ఎంత పద్ధతైన మనిషో నీకు తెలుసు. మేము ఆ చలి ప్రాంతంలో ఉన్న రోజుల్లో, పైన రాసిన వాటిలో ఒక్కటి కూడా వదలకుండా కొని, ఒక్కొక్కదానికి చీటీ అంటించి, పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో అమర్చి, పెట్టె చుట్టూ బెల్టు బిగించి డిక్కీలో పెట్టారు. ఇంటికి వచ్చినవాళ్లకు డిక్కీ తెరిచి చూపించేవారు కూడా. ఒక సాయంత్రం మేము తిరిగివస్తుండగా గాలి లేచింది, నేల మీది పొడి మంచంతా ఎగసి రోడ్డు అంచు కనబడకుండా పోయింది. మలుపులో బండి జారి, ఒక చుట్టు తిరిగి, వెనుక భాగంతో రోడ్డు పక్కన పేరుకున్న మంచు గుట్టలోకి దిగబడింది. ఇద్దరికీ దెబ్బలు తగలలేదు. "కిట్ ఉంది కదా, భయం లేదు" అంటూ ఆయన దిగి వెనక్కి వెళ్లారు. వెళ్లి చూస్తే డిక్కీ మూత సగానికి పైగా మంచులో కూరుకుపోయి ఉంది. మంచు తవ్వాలంటే పార కావాలి, పార డిక్కీలో ఉంది. చేతులతో తవ్వాలంటే మందమైన తొడుగులు కావాలి, అవీ డిక్కీలోనే ఉన్నాయి. ఆయన చేతులకు ఉన్నవి బండి నడిపేటప్పుడు వేసుకునే పలుచని తోలు తొడుగులు. అవి కాసేపటికే తడిసి బిగుసుకుపోయాయి.

సైలెన్సర్ గొట్టం కూడా ఆ మంచులోనే పూడుకుపోయింది కనుక ఇంజిన్ నడపడానికి లేదు, ఇంజిన్ లేకపోతే హీటరు లేదు. మా ఊపిరే అద్దాల లోపలి వైపున పొరలుగా గడ్డకట్టసాగింది. వెనుక సీటు వాల్చి డిక్కీలోకి చేయి పెడదామని ఆయన ప్రయత్నించారు. పెట్టె అందింది, కాని ఆ సందులోంచి బయటకు రాలేదు. మూత తీద్దామంటే తానే బిగించిన బెల్టు అడ్డం. కొయ్యబారిన వేళ్లతో ఆ బకిల్ ఊడదీయడం ఆయన వల్ల కాలేదు, నా వల్లా కాలేదు. చివరికి కాళ్ల కింది రబ్బరు మ్యాటు పీకి, దాన్నే పారగా వాడుతూ, వంతులవారీగా దిగి గొట్టం చుట్టూ మంచు తోడాం. మళ్లీ ఇంజిన్ వేయగలిగేసరికి ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొసలు మైనంలా తెల్లబడి, గిల్లినా తెలియని స్థితికి వచ్చాయి. కంగారులో నేను రుద్దబోతే ఆయనే వద్దన్నారు; చలికి దెబ్బతిన్న చర్మాన్ని రుద్దితే మరింత పాడవుతుంది. ఆ చేతిని నా చంకలో పెట్టుకుని, మంచు తీసే బండి దీపాలు కనబడేదాకా అలాగే కూర్చున్నాను. వేళ్లు దక్కాయి. ఇప్పటికీ చలిగాలి తగిలితే ఆ రెండింటినీ అరచేతిలోకి ముడుచుకుంటారు. ఈ ఉత్తరం రాస్తుండగా నా వెనుక నిలబడి చదివి, "పెట్టెలో ఏదీ తక్కువ కాలేదని కూడా రాయి" అన్నారు. నిజమే, ఏదీ తక్కువ కాలేదు.

కాబట్టి నువ్వు గట్టి పెట్టె కొనకు, మెత్తని సంచి కొనుక్కో, దాన్ని ముందు సీటు వెనుక నేల మీద పెట్టుకో. ఇసుక, లాగుడు తాడు, జంపర్ కేబుళ్లు డిక్కీలో ఉంటే ఉండనీ; ప్రాణం నిలిపేవి, అంటే కంబళ్లు, తొడుగులు, టార్చి, ఈల, పార, తిండి, నీళ్లు మాత్రం నీ చేతికి అందాలి. జిప్పు పిడికి ఒక తాడు ఉచ్చు కట్టు, అప్పుడు తొడుగులు వేసుకుని కూడా లాగవచ్చు. సీటుబెల్టు కోసే చిన్న కత్తిని తలుపు అరలో పెట్టుకో.

గొట్టం గురించి మళ్లీ చెబితే విసుక్కోకు, నన్ను చలి కంటే ఎక్కువగా భయపెట్టేది అదే. మంచు గొట్టాన్ని మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి, వికారం, మగత వస్తాయి, ఆ మగతను అలసట అనుకుని మనిషి నిద్రలోకి జారిపోతాడు. 2022 జనవరిలోనే పాకిస్తాన్‌లోని ముర్రీ దగ్గర మంచులో నిలిచిపోయిన కార్లలో పిల్లలతో సహా 20 మందికి పైగా చనిపోయారు, వారిలో కొందరి మరణానికి ఈ విషవాయువే కారణమని అనుమానించారు. అందుకే బండి ఆగిపోతే నీ మొదటి పని గొట్టం చుట్టూ మంచు తీయడం. ఆ తరువాత గంటకు పది నిమిషాల చొప్పున మాత్రమే ఇంజిన్ నడుపు, నడిపే ప్రతిసారీ ముందు గొట్టం చూసుకో, గాలి కొట్టని వైపు అద్దం అంగుళం దించి ఉంచు. రాత్రివేళ ఇంజిన్ నడుస్తున్నంతసేపు లోపలి లైటు వెలిగించు, వెతికేవాళ్లకు కనబడతావు. కొవ్వొత్తి వెలిగించినా అద్దం తెరిచే ఉండాలి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొను. ఖర్చని మీ అమ్మ అంటే నాతో మాట్లాడమను.

"మొబైల్ ఉంది కదా పెద్దమ్మా" అంటావని తెలుసు. అంత చలిలో చార్జింగు సగం చూపిస్తూనే ఫోను ఆరిపోతుంది, అప్పుడు ఏం చేస్తావు? దాన్ని చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచు, నీ ఇన్‌హేలరును కూడా అక్కడే పెట్టుకో. చల్లబడితే అది సరిగా పనిచేయదు. సాయం దగ్గరలో కళ్లకు కనబడుతుంటే తప్ప కారు వదిలి నడవకు. గాలితో కలిసి మైనస్ 28 డిగ్రీలుగా తోచే చలిలో కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు, మైనస్ 40 అయితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. మంచు తుఫానులో నాలుగు అడుగులు వేస్తే నీ కారే నీకు కనబడదు. నీకు ఓపిక తక్కువ, ఒకచోట కుదురుగా కూర్చోలేవు. చిన్నప్పుడు వరుసలో నిలబడలేక ఇంటికి నడిచి వచ్చేసినదానివి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. యాంటెనాకు ఎర్ర గుడ్డ కట్టు, మంచు పడటం ఆగాక బానెట్ ఎత్తి ఉంచు, లోపల కూర్చుని కాళ్లూ చేతులూ కదుపుతూ ఉండు.

తినడానికి గింజలు, ఎండు పళ్లు, చాక్లెట్లు పెట్టుకో. ఆకలేస్తే నీకు కోపం వస్తుంది కనుక నువ్వు అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకో. నీళ్ల సీసాలు మూడింట రెండు వంతులే నింపు, గడ్డకట్టినా పగలవు. మంచును అలాగే తినకు, ఒంట్లో వేడి పోతుంది; రేకు డబ్బాలో కొవ్వొత్తి మీద కరిగించి తాగు. మద్యం తాగితే వెచ్చగా ఉంటుందని ఎవరు చెప్పినా నమ్మకు, అది ఒంటి వేడిని ఇంకా త్వరగా పోగొడుతుంది.

బయలుదేరే ప్రతిసారీ ఏ దారిన వెళుతున్నావో, ఎన్ని గంటలకు చేరాలో ఎవరికైనా చెప్పి వెళ్లు. అక్కడ చెప్పడానికి ఎవరూ లేకపోతే ఏ వేళైనా సరే నాకు ఫోను చేయి. సంచి సర్దిన తరువాత డ్రైవరు సీటులో కూర్చుని, మందపు తొడుగులు వేసుకుని, దీపాలన్నీ ఆర్పి, కారు దిగకుండా ఎన్ని వస్తువులు తీయగలిగావో, ఏది అందలేదో నాకు రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ