ఆటోనగర్ యూనిట్‌లో ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌కి ఏ మోటార్ పెట్టాలి?

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న యూనిట్ పెడుతున్నాం, పిల్లల బ్రష్‌కీ పెద్దల బ్రష్‌కీ కలిపి ఒకే సోనిక్ మోటార్ (బ్రష్ తలను నిమిషానికి వేలసార్లు అటూ ఇటూ ఊపేది) కొంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. పిల్లల దానికి సెల్‌ఫోన్‌లో ఉండే రకం వైబ్రేషన్ మోటార్ చాలు, పెద్దల దానికి సోనిక్ పెట్టండి.

వైబ్రేషన్ మోటార్ షాఫ్ట్ బాడీ దాటి బయటికి రాదు. బ్యాటరీ సెల్ మూత దగ్గర ఓ-రింగ్ (రబ్బరు రింగు) గట్టిగా ఉంటే నీటి బెడద తీరినట్టే. లోపమల్లా సెల్ దిగేకొద్దీ దమ్ము పోవడం. 1.5 వోల్టులు 1కి పడితే వేగం మూడింట రెండొంతులకు వస్తుంది, అదురు మాత్రం వేగం వర్గాన్ని బట్టి కాబట్టి సగానికంటే తక్కువైపోతుంది. ఇలాంటిదాన్నే డబ్బా మీద ‘సోనిక్’ అని అచ్చేసి అమ్మేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, కొన్నవాళ్లు మళ్లీ మీ సరుకు ముట్టుకోరు.

సోనిక్ అంటే కాయిల్, మ్యాగ్నెట్, స్ప్రింగ్. నేరుగా సెల్ కలిపితే షాఫ్ట్ ఒక పక్కకి జరిగి ఆగిపోతుంది, కాయిల్ కాలుతుంది. కరెంటును అటూ ఇటూ తిప్పే హెచ్-బ్రిడ్జ్ సర్క్యూట్ తప్పనిసరి. 260 హెర్ట్జ్ దగ్గర నడిపితే రెండు వైపుల కదలికా లెక్కేసి నిమిషానికి 31,200 స్ట్రోకులు. సప్లయర్లు చూపించే అంకె లోడ్ లేనప్పటిది, దాన్ని నమ్ముకుని వందల పీసులు తెప్పించకండి. బ్రష్ తల బరువు పెరిగితే రెసొనెన్స్ (ఊపు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫ్రీక్వెన్సీ) కిందికి దిగుతుంది, మెడ దగ్గరి సిలికాన్ సీల్ బిగుతుగా ఉంటే పైకి పోతుంది. అందుకే మీ సొంత తల, మీ సొంత సీల్ బిగించాకే ఫ్రీక్వెన్సీ సెట్ చేయాలి.

ఎలాగంటే, తల వెనకాల తెల్ల స్టిక్కర్ అంటించి, సన్నటి పెన్నుతో ‘వి’ ఆకారంలో రెండు గీతలు గీయండి, ‘వి’ వెడల్పు తల ఊగే దిశలోనే ఉండేలా. మోటార్ నడుస్తుంటే ఆ ‘వి’ రెండుగా కనబడుతుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి కోసుకున్న చోట ‘వి’ వెడల్పెంతో అదే మొత్తం ఊపు. ఫ్రీక్వెన్సీని 230 నుంచి 290 దాకా ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ ఊపు ఎక్కడ ఎక్కువో రాసుకోండి. తర్వాత కిచెన్ త్రాసు మీద టైల్ ముక్క పెట్టి, కుచ్చులకి పేస్టు రాసి, కాటా 200 గ్రాములు చూపేదాకా నొక్కి మళ్లీ కొలవండి. ఊపు ఒక్కసారిగా చచ్చిపోతే ఆ మోటార్ వద్దు, డబ్బా మీద ఎన్ని వేల స్ట్రోకులని రాసున్నా సరే.

గేర్లతో గుండ్రంగా తిరిగే రకం జోలికి ఇప్పుడే పోకండి. గేర్ల మోల్డులు, చప్పుడు, షాఫ్ట్ సీల్ మూడూ కలిసి పెట్టుబడిని మింగేస్తాయి.

శాంపిళ్లు వచ్చాక సీల్ వేసిన పీసుల్ని మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచండి, అది ఐపీఎక్స్7 అనే, నీళ్లు లోపలికి పోతున్నాయా అని చూసే పరీక్ష. అందులో నెగ్గినా సరే, బోరు నీళ్లలో పేస్టు కలిపి వారాల తరబడి వాడి చూడండి. మెడ దగ్గర ఉప్పు పేరుకుని సీల్ అంచు అరిగే సంగతి అప్పుడే తేలుతుంది.