అల్లే చేతుల గురించి రాసేటప్పుడు

గవర్నర్‌పేట,
విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఊలు అల్లికలో పేరున్న ఎలిజబెత్ జిమ్మర్‌మన్ మీద నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివాను. 1910లో ఇంగ్లండులో పుట్టడం, జర్మన్ భర్తతో అమెరికా చేరడం, విస్కాన్సిన్‌లో పాత బడిని ఇల్లుగా చేసుకోవడం, 1999లో కన్నుమూయడం అన్నీ ఉన్నాయి. కానీ ఆవిడ చేతిలో సూదులు ఆఖరి పేజీలో గానీ కనపడలేదు. ఇది మార్చాలి తల్లీ.

ముందు ఆవిడ పని రాయి. అప్పట్లో అక్కడ స్వెట్టరు అంటే ఎక్కువగా ముందు భాగం, వెనక భాగం, చేతులు వేరువేరుగా అల్లి కలిపి కుట్టడమే. ఈవిడ రెండు మొనల మధ్య వంగే తీగ ఉన్న పొడవాటి గుండ్రటి సూది మీద అతుకు లేకుండా చుట్టూ అల్లుకుంటూ పోయేది. అలా అల్లితే మంచి వైపే ఎప్పుడూ మన ఎదుట ఉంటుంది. సాదా అల్లికలో పర్ల్ కుట్టు, అంటే తిరగేసి వేసే కుట్టు, వేయాల్సిన పనే ఉండదు. ఒక పత్రిక ఆవిడ నమూనా తీసుకుని, ముక్కలుగా అల్లే పద్ధతిలోకి మార్చి అచ్చేసింది. ఇక ఎవరి చేతా దిద్దించుకోనక్కర్లేకుండా 1958లో సొంత న్యూస్‌లెటర్ మొదలుపెట్టింది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు.

ఆవిడ లెక్కను కూడా విప్పి చూపించు. చిన్న ముక్క అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో చూడాలి. 5 పడితే, 40 అంగుళాల స్వెట్టరుకు ఒంటి చుట్టూ 200 కుట్లు. దాన్ని నూరు శాతం అనుకుంటే మణికట్టు దగ్గర సుమారు 20 శాతం, అంటే 40. జబ్బ దగ్గర 33 శాతం, అంటే 66. ఊలు మారినా మనిషి మారినా లెక్క ఇదే. ఇది తెలిశాక ఎవరి కొలతలకైనా తామే అల్లుకోగలమన్న ధైర్యం వస్తుంది. 1971లో వచ్చిన ఆవిడ మొదటి పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారంటే ఈ ధైర్యం వల్లనే అని నా నమ్మకం.

గుంటూరు ఎండలకి స్వెట్టర్ల గోల ఎందుకని ఎవరో అన్నారని బాధపడ్డావు. వదిలెయ్. పురిటికొచ్చిన కూతురి కోసం ఊలు టోపీ, మేజోళ్లు అల్లిన అమ్మమ్మలు బ్రాడీపేటలోనూ ఉన్నారు. వాళ్లు చదువుతారు.

నన్ను కదిలించేది మరొకటి. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ల పనితనం దేశాలు దాటి పోయింది. తమ చేతిపనిని తమ మాటల్లోనే పుస్తకంగా రాసుకునే వీలు వాళ్లలో ఎందరికి దొరికింది? జిమ్మర్‌మన్ గురించి రాస్తూ ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగు. కోపం వస్తే రానీ, దాన్ని చల్లార్చి రాయకు.

నువ్వూ ఒక టోపీ అల్లు. కుట్టు జారి వరుసలు కిందికి విడిపోతుంటే పడే టెన్షన్ ఎలా ఉంటుందో చేత్తో తెలుసుకున్నాకే ఆ పేరా మళ్లీ రాయి. కొలతలున్న పేజీ నాకు విడిగా పంపు. మా పక్కింటావిడ దాన్ని చూస్తూ అల్లుతానంది. ఎక్కడ అర్థం కాలేదో గుర్తుపెట్టి ఇస్తుంది, నీకు పంపిస్తాను.