కుర్చీ ఎవరికి వేశారో రాయి

నల్లగొండ

బిడ్డా,

నీ నోటుబుక్కు చేరింది. చేతిరాత బాగుంది, చూసే కన్నుంది. ఆ మాట ఇక్కడితో ఆపి, నాకు కోపం తెప్పించిన పేజీ దగ్గరికి వస్తాను.

"సర్పంచ్ మా ఇంటికొస్తే నాన్న భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచి వేసిండు. జరసేపటికి మా చేన్ల పత్తి ఏరే తాత పైసలకొస్తే కుర్చీ లోపల పెట్టమన్నడు. తాత అరుగు అంచుకు కూసున్నడు." ఇంతవరకు రాశావు. ఈ మూడు వాక్యాల్లో ఒక్క మాట తీయడానికి లేదు, కలపడానికి లేదు. ఆ వెంటనే పేజీన్నర పొడుగునా ఏం రాశావు? పెద్దలను గౌరవించడం మన సంస్కృతి అనీ, నేటి యువత దాన్ని మరిచిపోతోందనీ, మనమంతా మారాలనీ. నేటి యువత అంటే ఎవరమ్మా? నీకు పదిహేనేళ్లు. అరుగు అంచున కూర్చోబెట్టింది యువత కాదు గదా!

ఆ పేజీన్నర నీది కాదు. ఆగస్టు పదిహేనుకు వక్తృత్వ పోటీలో పిల్లలతో బట్టీ పట్టించే కాగితంలోది. మీ నాన్న చేసింది నువ్వు చూశావు, రాశావు, రాశాక భయమేసింది. ఆ భయం మీద నీతులు కప్పావు. ఆ తాతకు ఎన్ని రోజుల కూలి రావాలి, నాన్న ఎంత చేతిలో పెట్టాడు, ఆయన అక్కడే లెక్కపెట్టుకున్నాడా, మడిచి జేబులో పెట్టుకొని పోయాడా, ఇవన్నీ ఆ కప్పు కిందే ఉండిపోయాయి. నాకు కావలసినవి అవి.

నలభై ఏళ్లుగా నేను పట్టుకొని వేలాడుతున్న మాట ఒకటుంది, అది నీకు చెప్పక తప్పదు. గౌరవం గురించి రాయాలనుకుంటే గౌరవం అనే మాటే రాయకు. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు కింద కూర్చున్నారు, ఎవరు ముందు తిన్నారు, ఎవరి పళ్లెం ఎవరు ఎత్తారు, ఇవి రాయి. గౌరవం మనసులో ఉంటే చాలంటారు. ఎదుటివాడి మనసు నీకూ కనపడదు, నాకూ కనపడదు. కుర్చీ కనపడుతుంది. నోటితో "రాండ్రి, రాండ్రి" అనడం అందరికీ వచ్చు, కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మనిషి బయటపడతాడు. ఏ ఇంటికి పోయినా, ఏ ఆఫీసుకు పోయినా ముందు కుర్చీలు చూడు.

నీకు ఈ నీతుల తెగులు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. వ్యక్తిత్వ వికాసం పేరుతో పుస్తకాలు కుప్పలుగా పడ్డ కాలం ఒకటొచ్చింది. ఇప్పుడవే మాటలు పొద్దున్నే పూల బొమ్మల మీద ఫోన్లలోకి వస్తున్నాయి. వాటిలో మనుషులుండరు, ఊళ్లుండవు, ఎవరికి ఎవరు ఎంత బాకీయో ఉండదు. వాటిని చదివి రాయడం నేర్చుకున్న పిల్లలు ఇంట్లో జరిగేది కళ్లారా చూసి కూడా దాన్ని వదిలేసి కొటేషన్ రాస్తున్నారు. నాకు ఇది చాలా బాధగా ఉంది.

సంపాదకులు కూడా తక్కువ చేయలేదు. నేను దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో పంతులుగా ఉన్నప్పుడు బస్సులాగే చోట చాయ్ హోటలుండేది. గ్లాసులు రెండు రకాలు. ఒక రకం లోపల బల్ల మీద. రెండో రకం బయట చూరు కింద గోడ గూట్లో. మాదిగోళ్లు, మాలోళ్లు గూట్లో గ్లాసు తామే తీసుకొని, పైనుంచి పోయించుకొని, నిలబడి తాగి, తామే కడిగి మళ్లీ గూట్లో బోర్లించి పోవాలి. బడిలో నా ముందు కూర్చునే పిల్లగాడు వాళ్ల నాయన గ్లాసు కడుగుతుంటే పక్కన నిలబడి చూసేవాడు. నేనది కథ రాశాను. పిల్లగాడు చూడటంతోనే ఆపేశాను. అప్పట్లో పేరున్న ఒక వారపత్రిక దాన్ని వేసింది, వేసేముందు నన్నొక మాట అడగకుండా చివర ఒక పేరా కలిపింది. హోటలాయనకు కనువిప్పు కలిగి గూట్లో గ్లాసులన్నీ పగలగొట్టి ఆ పిల్లవాణ్ని ఎత్తుకున్నాడట! పిల్లగాడి తండ్రి మాటలు కూడా మార్చి, కృష్ణా జిల్లా మాటలు పెట్టారు. పత్రిక ఊళ్లోకి వచ్చింది. ఆ తండ్రి బడి దాకా వచ్చి అడిగాడు, "సారూ, హోటలాయన మారిండని రాసినవంట, ఎప్పుడు మారిండు?" అని. ఆ పేరా నేను రాయలేదని ఆయనకు ఎట్లా చెప్పాలి? పత్రికలో నా పేరే ఉంది. ఆ సంపాదకుడికి జాబు రాశాను. పాఠకుడికి ఆశ కలిగించడం రచయిత బాధ్యత అని జవాబొచ్చింది. ఈనాటికీ నేను దాన్ని క్షమించలేదు.

అందరినీ ఒకే గాటన కట్టడం లేదు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చాడు. అట్లాంటి సంపాదకుడు రాసేవాళ్లను వెతుక్కుంటాడు. నాకు దొరికినవాళ్లు నీతి ఎక్కడుందని వెతికారు. నీ నోటుబుక్కులో ఆ పని నువ్వే చేసి పెడుతుంటే నాకు కడుపు మండింది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని పేజీ. పేరెంట్స్ మీటింగుకు నీ దోస్తు వాళ్లమ్మ కూలి మధ్యలోంచి వచ్చిందన్నావు. "స్టాఫ్ రూం బయట చెప్పులు విడిచి లోపలికి పోయింది. ఎవ్వరు విడువమనలే. సార్లందరి కాళ్లకు చెప్పులున్నయి." ఆమె తర్వాత వచ్చిన ఎరువుల దుకాణమాయన షూలతోనే లోపలికి పోయాడు, ఆయనకు కుర్చీ వేశారు. ఆమె నిలబడే మార్కుల కాగితం మీద సంతకం పెట్టింది.

ఎవ్వరు విడువమనలే! బిడ్డా, ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలిసి ఉండదు. మా నాయనమ్మది జనగామ దిక్కు. అప్పుడది నల్లగొండ జిల్లానే. దొర ఉండే కోటలాంటి ఇల్లు, గడి, దాని ముందు నుంచి పోవాలంటే ఎండాకాలమైనా సరే చెప్పులు చేతిలో పట్టుకొని, గడి గోడ దాటాక తొడుక్కునేవాళ్లని చెప్పేది. కాళ్లు కాలుతున్నాయని పరుగెత్తితే అదొక తప్పు. వెట్టి చేసినవాళ్లు, "నీ బాంచెన్ దొరా" అన్నవాళ్లు ఆ జిల్లాలోనే తిరగబడ్డారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు, దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తర్వాత జరిగిన సాయుధ పోరాటం మీ పాఠంలోనే ఉంది. కానీ పాఠంలో లేనిదొకటి మా నాయనమ్మ చెప్పింది. వాళ్ల ఊళ్లో దొర పట్నం పోయి, గడి కూలి, గోడల్లో తుమ్మచెట్లు మొలిచాక గూడ, "మా మామ గడి కాడికి రాంగనే చెప్పులు తీసెటోడు. ఎవరు లేరు మామా అంటే, కాళ్లే ఆగుతున్నయి బిడ్డా అనెటోడు."

మీ బడి గుమ్మం దగ్గర ఆ తల్లి కాళ్లు అట్లాగే ఆగాయి. నువ్వు దాన్ని చూశావు. ఇంతమంది సార్లలో ఒక్కరు చూడలేదు. ఆ పేజీ కింద మాత్రం నువ్వు నీతి రాయలేదు, ఎందుకో నాకు తెలియదు, రాయనందుకు సంతోషం. ఆమె చెప్పులు ఎట్లా ఉన్నాయో ఇంకో వాక్యం రాయి. తెగిన వారుకు పిన్నీసు ఉందా, చేను మట్టి ఉందా, మళ్లీ తొడుక్కునేటప్పుడు నీ దోస్తు ఎటు చూసింది?

బస్సు పేజీ పరవాలేదు. టికెట్టు కొన్న పెద్దమనిషి, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టుతో ఎక్కిన ఆమెను సీట్లోంచి లేవమనడం మంచి దినుసు, కానీ ఆమె ఏమన్నదో రాయకుండా బస్సు దిగిపోయావు. అమ్మ గురించి త్యాగమూర్తి అని రాశావు. కొట్టెయ్. అందరూ తిన్నాక వంటింట్లో గిన్నె ముందు కూర్చున్నదన్నావు కదా, గిన్నెలో కూర ఏమన్నా మిగిలిందా, పచ్చిపులుసుతో సరిపెట్టుకున్నదా? ఆ పత్తి ఏరే తాతకు మంచినీళ్లు ఏ గ్లాసులో ఇచ్చింది? అమ్మను ప్రేమిస్తావు కాబట్టి ఇది రాయడం కష్టం. రాయాలి.

కలం పేరు, పద్యమా వచనమా, పోటీలకు పంపాలా, ఇట్లా చాలా అడిగావు. వాటికి ఇప్పుడు జవాబు చెప్పను. ఒక్కటి మాత్రం వదలలేను. "నాన్న ఇది చదివితే ఏమనుకుంటడు సార్?" అన్నావు.

మీ నాన్న చెడ్డవాడని నువ్వు రాయలేదు, నేనూ అనుకోవడం లేదు. పట్టాదారు పాస్‌బుక్కు పని ఉందనో, పంట లోను రెన్యువల్ అనో ఆయన మండలాఫీసుకూ బ్యాంకుకూ తిరుగుతుంటాడు గదా. ఒక సెలవు రోజు ఆయన వెంట పో. లోపలున్నవాళ్లు ఆయన్ను కూర్చోమంటారా, బయట చెట్టు కింద నిలబెడతారా? నిలబెడితే భుజం మీది తువ్వాల ఏం చేస్తాడు, తీసి చంకలో పెట్టుకుంటాడా? చూసిందంతా అదే రోజు రాత్రి రాయి. ఆ పేజీని కుర్చీ పేజీ పక్కన పెట్టి, రెండూ కలిపి ముందు నాన్నకే ఇవ్వు. ఆయన కొడతాడో, మాట్లాడడో, ఇంకేమంటాడో నేను చెప్పలేను. ఆయన అన్నది కూడా రాసుకో.

పబ్లిక్ పరీక్షలు అయ్యాకే ఈ పనంతా. పోస్టులో పంపు, ఫోన్లో ఫొటోలు తీసి పంపితే నా కళ్లకు ఆనవు. పేజీకి ఒక పక్కనే రాయి, పక్కన నేను దిద్దడానికి కాదు, నువ్వు మళ్లీ రాసుకోవడానికి జాగా ఉండాలి.

ఉంటాను.